సింహద్వారమునకు ఇత్తడి తాపడము

ఇంటి అందము గోడలన్నిటికి హంగు చేయుటలో లేదు. చూపు నిలుచు తావొకటి ఏర్పరచుటలో ఉన్నది. మన ఇండ్లలో ఆ తావు సింహద్వారమే.

2016 వరకు వరంగల్లు జిల్లాలోనిదై, నేడు జనగామ జిల్లాకు చేరిన పెంబర్తి ఇత్తడి రేకు పనికి పేరొందినది. శిల్పులు రేకును కాచి మెత్తపరచి, లక్కపై నిలిపి, సుత్తితో, ఉలితో లతలను, హంసలను ఉబ్బెత్తుగా తీర్చుదురు. అట్టి రేకును తలుపునకు తాపడము చేయించవచ్చును.

అయితే దానికి ఇనుప మేకులు కొట్టరాదు. తడి తగిలినచో ఇత్తడిని అంటియున్న ఇనుము త్వరగా తుప్పుపట్టి, రేకు వదులగును. ఇత్తడి మేకులే వాడవలెను. చింతపండుతో తోమిన పిమ్మట తడిగుడ్డతో పులుపంతయు తీసి, పొడిగుడ్డతో తుడువవలెను.

చుట్టునున్న గోడలు సున్నముతో తెల్లగా నున్నప్పుడే ఆ పసిడి ఛాయ రాణించును.