గొడ్డుదని గేదెను సంతకు తోలకముందు

ఈని ఏడెనిమిది నెలలైనను గేదె ఎదకు రాలేదనియో, కట్టించినను చూడి నిలువలేదనియో విసిగి, వచ్చిన ధరకు దానిని సంతలో తెగనమ్ముట మన గ్రామములలో తరచు చూచుచున్నాము. ఒకసారి ఈనిన గేదె పుట్టు గొడ్డుది కాదు. లోపము సాధారణముగా మేతలోనో, ఎదను గుర్తించుటలోనో, గర్భకోశ వ్యాధిలోనో యుండును. ఇందు మేతలోపమును సరిదిద్దుట రైతు చేతిలోని పని.

ఎద ఎట్లు వచ్చును?

మెదడు అడుగుననున్న పిట్యూటరీ అను చిన్న గ్రంథి హార్మోనులనెడి రసములను రక్తములోనికి వదలును. వాని ప్రేరణచే అండాశయములో అండము పక్వమగును. అప్పుడు ఈస్ట్రోజన్ హెచ్చి పశువు ఎదకు వచ్చును. అండము విడుదలయిన చోట చిన్న గడ్డ ఏర్పడి ప్రొజెస్టెరాన్ అను హార్మోనును తయారుచేయును. చూడి నిలిచినచో ఇది గర్భమును కాపాడును. నిలువనిచో ఆ గడ్డ కరిగి, సుమారు 21 రోజులకు పశువు మరల ఎదకు వచ్చును.

మేతకు, ఎదకు సంబంధమేమి?

ఈనిన తొలి నెలలలో పాలకు ఖర్చగు శక్తి మేతవలన వచ్చు శక్తిని మించును. గేదె తన ఒంటి కొవ్వును కరిగించుకొని పాలిచ్చును. రక్తములో గ్లూకోజు, ఇన్సులిన్ తగ్గి, పిట్యూటరీ పని మందగించి, అండము పక్వము కాదు. తనకే చాలని తల్లి మరియొక ప్రాణిని మోయకుండ ప్రకృతి చేసిన ఏర్పాటిది.

వట్టి వరిగడ్డితో ఈ లోటు తీరదు. అందు మాంసకృత్తులు, భాస్వరము తక్కువ. అందలి ఆక్సలేటు కాల్షియమును ఒంటబట్టనీయదు. పచ్చిమేత లేనిచో విటమిన్ ఎ కూడ కొరవడును.

రైతులు చేయవలసిన పనులు

1. చూడి చివరి రెండు నెలలలో పాలు పితుకుట మాని, రోజుకు 2 కిలోల దాణా పెట్టవలెను.

2. ఈనిన పిదప ఒంటి పోషణకు ఇచ్చు దాణా గాక, ప్రతి 2 లీటర్ల పాలకు 1 కిలో చొప్పున అదనముగా ఇవ్వవలెను. తవుడు, చెక్క కలిపిన దాణాలో రోజుకు 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమము చేర్చవలెను.

3. వరి కోసిన మడిలో పిల్లిపెసర, జనుము చల్లి పచ్చిమేత సమకూర్చుకొనవలెను.

4. వేసవిలో గేదెలకు మూగ ఎద సాధారణము. తెల్లవారుజామునను, రాత్రి పడుకొనబోవుముందును గమనింపవలెను. మాటిమాటికి మూత్రము పోయుట, పడుకొన్నపుడు స్వచ్ఛమైన జిగట తీగ కనబడుట, పాలు తగ్గుట గుర్తులు. ఉదయము ఎద కనబడిన సాయంకాలము, సాయంకాలము కనబడిన మరునాటి ఉదయము కట్టించవలెను.

5. మూడుసార్లు కట్టించినను నిలువకున్నను, తీగలో చీము కనబడినను పశువైద్యునికి చూపవలెను. పరీక్ష లేనిదే ఎద సూది వేయించరాదు. గేదె అప్పటికే చూడితో నున్నచో కొన్ని సూదుల వలన గర్భము పోవును. మేత లేని పశువుకు సూది వేయించినను ఫలితము నిలుచుట అరుదు.

లెక్క చూచుకొనుడు

గేదె చూడి కాలము సుమారు 310 రోజులు. ఈనిన 90 రోజులలో చూడి కట్టినచో 400 రోజులకు మరల ఈనును. తప్పిపోయిన ప్రతి ఎద మరియొక 21 రోజుల నష్టము. గ్రామములో గర్భకోశ చికిత్సా శిబిరము జరుగునాడు గ్రామోద్యోగులు ముందుగా చాటింపు వేయించినచో మేలు. గేదెను సంతకు తోలకముందు దాని గాడి వంక ఒకసారి చూడుడు.