కంపెనీ వెబ్‌సైటు ద్వారా విక్రయావకాశాల సేకరణ: చీమకుర్తి గ్రానైటు వ్యాపారం ఆధారంగా ఒక పరిశీలన

కీలక పదాలు: వెబ్‌సైటు, లీడ్, విచారణ పత్రం, ప్రతిస్పందన సమయం, సమ్మతి, గ్రానైటు ఎగుమతి.

ఉపోద్ఘాతం

ప్రకాశం జిల్లా చీమకుర్తి పరిసరాలలో లభించే నల్ల గ్రానైటు అంతర్జాతీయ విపణిలో ‘బ్లాక్ గెలాక్సీ’ అనే పేరుతో ప్రసిద్ధమైనది. నల్లని రాతిపై బంగారు చుక్కలు మెరిసే ఈ రాయికి ప్రచారం కొత్తగా అవసరం లేదు. దానిని కోసి, పాలిష్ పట్టి, ఎగుమతి చేసే చిన్న సంస్థ పరిస్థితి వేరు. విదేశీ కొనుగోలుదారుకు రాయి పేరు తెలుసు, అమ్మే సంస్థ పేరు తెలియదు. అతడు ఇంటర్నెట్‌లో రాయి పేరుతో వెదికి, కనిపించిన వెబ్‌సైట్లలో కొన్నింటిని తెరుస్తాడు. చూసి వెళ్లిపోవచ్చు, తన వివరాలు వదిలి వెళ్లవచ్చు. ఈ రెండవది ఏ పరిస్థితులలో జరుగుతుంది, జరిగిన తరువాత సంస్థ బాధ్యత ఏమిటి అన్నవి ఈ వ్యాసంలోని పరిశీలనాంశాలు.

‘లీడ్’ – అర్థ నిర్ణయం

కొనాలనే ఆసక్తిని ఏదో ఒక రూపంలో వెల్లడించి, తనను తిరిగి సంప్రదించడానికి వీలు కల్పించిన వ్యక్తిని లేదా సంస్థను వాణిజ్య పరిభాషలో లీడ్ అంటారు. తెలుగు వర్తకుల నోట ‘గిరాకీ’ అంటే కొనేవారి రాక. ‘బేరం’ అంటే ధర మాట మొదలైన దశ. లీడ్ ఈ రెండింటి నడుమ ఉంటుంది. దుకాణాలలో, ఫ్యాక్టరీలలో వినిపించే ‘ఎంక్వైరీ వచ్చింది’ అన్న మాటే దీనికి అన్నింటికన్నా దగ్గరిది. ‘విక్రయావకాశం’ అన్న అనువాదం గ్రాంథికంగా కుదిరినా అమ్మేవాని దృష్టినే చెబుతుంది. అడిగిన మనిషి అందులో కనిపించడు. ఈ లోపం మాటకే పరిమితం కాలేదు, వెబ్‌సైట్ల నిర్మాణంలోకీ వచ్చింది.

సందర్శకుడు చెల్లించే మూల్యం

సేత్ గాడిన్ 1999లో ప్రచురించిన ‘పర్మిషన్ మార్కెటింగ్’ గ్రంథం, వినియోగదారు అనుమతితో సాగే ప్రచారమే ఫలప్రదమని ప్రతిపాదించింది. ఆ దృష్టితో చూస్తే వెబ్‌సైటులోని విచారణ పత్రం ఒక వినిమయం. పేరు, ఈమెయిలు, ఫోన్ నంబరు సందర్శకుడు చెల్లించే మూల్యం. అందుకు తగిన సరుకు ముందుగా పేజీలో కనిపించాలి.

‘ప్రపంచస్థాయి నాణ్యత’, ‘నమ్మకమైన సేవ’ వంటి వాక్యాలు ఏ సంస్థ పేజీలోనైనా ఇమిడిపోతాయి కనుక వాటికి సమాచార విలువ లేదు. గ్రానైటు కొనుగోలుదారుకు కావలసినది వేరే ఉంది. ఉదాహరణకు ఒక కంటైనరులో ఎంత రాయి పడుతుంది? రాతి సరుకుతో కంటైనరు స్థలం నిండకముందే బరువు పరిమితి వచ్చేస్తుంది. ఘనమీటరుకు సుమారు 3 టన్నుల లెక్కన, 20 మిల్లీమీటర్ల మందం గల పలక చదరపు మీటరుకు 60 కిలోలు, 30 మిల్లీమీటర్ల పలక 90 కిలోలు తూగుతాయి. 26 టన్నుల రాయి ఎక్కించగలిగితే మొదటి రకం సుమారు 430 చదరపు మీటర్లు, రెండవది సుమారు 290 మాత్రమే పడతాయి. పడవ కిరాయి మాత్రం ఒకటే. ఈ లెక్కను ఒక చిన్న పట్టికగా పేజీలో ఉంచిన సంస్థ, కొనుగోలుదారు అడగబోయే ప్రశ్నకు అడగకముందే జవాబిచ్చినట్లవుతుంది. అలాగే సహజశిలలో దిమ్మెకూ దిమ్మెకూ చుక్కల సాంద్రత మారుతుంది. కనుక ఎప్పుడో తీసిన ఒకే అందమైన ఫోటో కన్నా, ప్రస్తుతం గోదాములో ఉన్న పలకల ఫోటోలు ఎక్కువ నమ్మకం కలిగిస్తాయి.

పత్రంలో ఏమి అడగాలన్నదానికీ ఇదే కొలమానం. మందం, పాలిష్ రకం, పరిమాణం, చేరవలసిన ఓడరేవు తెలియకుండా ధర చెప్పడం సాధ్యం కాదు. వీటిని అడిగితే ఎవరూ విసుక్కోరు. వార్షిక టర్నోవరు, హోదా వంటివి జవాబుకు ఏ విధంగానూ తోడ్పడవు, అమ్మేవారి పట్టికలు నింపడానికే పనికివస్తాయి.

జవాబు చేరే కాలం

పత్రం నింపిన తరువాత జరిగేదాని గురించి వెబ్‌సైటు నిర్మాతలు సాధారణంగా మాట్లాడరు. ‘హార్వర్డ్ బిజినెస్ రివ్యూ’ 2011లో ప్రచురించిన ఒక అధ్యయనంలో 2,241 అమెరికా కంపెనీలకు వెబ్ విచారణలు పంపి చూశారు. గంటలోపు స్పందించినవి 37 శాతం. అసలు స్పందించనివి 23 శాతం. గంటలోపు సంప్రదించిన సంస్థలకు, మరో గంట ఆలస్యం చేసినవాటికన్నా, నిర్ణయాధికారితో అర్థవంతంగా మాట్లాడే అవకాశం దాదాపు ఏడు రెట్లు ఎక్కువని అదే వ్యాసం పేర్కొన్నది. ఈ రెట్లను గ్రానైటు వ్యాపారానికి యథాతథంగా అన్వయించడం సమంజసం కాదు. ఇక్కడ ఒక ఆర్డరు తేలడానికే వారాలు పట్టవచ్చు. అయినా ఒకే ఉదయం నలుగురు అమ్మకందారులను అడిగిన కొనుగోలుదారు, మొదట జవాబిచ్చినవారితో సంభాషణ ప్రారంభించడం సహజమే.

ఇక్కడ గడియారం కూడా ఒక చిక్కు. న్యూయార్క్‌లో ఉదయం 11 గంటలకు పంపిన విచారణ చీమకుర్తికి రాత్రి 8:30కో 9:30కో చేరుతుంది. ‘మీ సందేశం అందింది’ అనే యాంత్రిక రసీదు జవాబు కాదు. ధర కట్టగల మనిషి ఒకరు రాత్రివేళ ఆ ఈమెయిలు చూసే ఏర్పాటు లేనిచోట, వెబ్‌సైటు రూపకల్పనపై పెట్టిన ఖర్చులో అధికభాగం వృథా.

సమ్మతి – చట్టం – భాష

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా సంరక్షణ చట్టానికి నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ప్రధాన బాధ్యతలు దశలవారీగా అమలులోకి వస్తాయి. ఒక ప్రయోజనం కోసం స్వచ్ఛందంగా ఇచ్చిన వివరాలను ఆ ప్రయోజనానికి వాడుకోవడాన్ని చట్టం 7వ సెక్షను అనుమతిస్తుంది. అంటే ధర అడిగిన వ్యక్తికి ధర చెప్పడంలో చిక్కు లేదు. అదే నంబరును మరో అమ్మకందారుకు అందించడం, నెలల తరబడి ప్రచార సందేశాలు పంపడం ఆ ప్రయోజనంలోకి రావు. వాటికి విడిగా సమ్మతి కావాలి. 6వ సెక్షను ప్రకారం ఆ సమ్మతి స్వేచ్ఛగా, నిర్దిష్టంగా ఉండాలి. ఇచ్చినంత సులభంగా ఉపసంహరించుకునే వీలూ ఉండాలి. ఐరోపా సమాఖ్యలోని వ్యక్తులకు సరుకు అమ్మజూపే సంస్థకు, అది ఎక్కడ ఉన్నా, 2018 మే 25 నుంచి అమలులో ఉన్న అక్కడి డేటా నిబంధనలూ వర్తిస్తాయి.

తెలుగు పరిశోధకులకు ఆసక్తి కలిగించవలసిన అంశం మరొకటి. సమ్మతి కోరే నోటీసును ఆంగ్లంలో గానీ రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషలోనైనా గానీ చదువుకునే వెసులుబాటును చట్టం కల్పించింది. గుంటూరులో ఇంటి గచ్చుకు రాయి కొనేవాడు తెలుగు నోటీసు కోరవచ్చు. న్యాయ పరిభాషను మక్కీకి మక్కీగా అనువదిస్తే అది అతనికి అర్థం కాదు. ఇటువంటి పాఠం సరిపోవచ్చు: ‘ధర చెప్పడానికి మాత్రమే మీ ఫోన్ నంబరు అడుగుతున్నాం. ఇతరులకు ఇవ్వం. వద్దనుకున్నప్పుడు తీసివేయమని ఈ పేజీలోనే చెప్పవచ్చు.’ ఇందులో ‘సమ్మతి’ అన్న మాట లేదు. రెండవ వాక్యాన్ని నిలబెట్టుకోవడం మాత్రం భాషకు సంబంధించిన పని కాదు.