తొలి సైకిల్ యాత్రకు నెల రోజుల సన్నాహం
గోదావరి డెల్టాలో మూడు రోజుల ప్రయాణం.. రెండో రోజే అసలు పరీక్ష

రాజమహేంద్రవరం: సెలవులు వస్తే రైలో, బస్సో ఎక్కే అలవాటును కాస్త పక్కనపెట్టి సైకిల్‌పై నాలుగు ఊళ్లు తిరిగి రావాలని ముచ్చటపడేవారు పట్టణాల్లో కనిపిస్తున్నారు. అటువంటివారికి గోదావరి డెల్టాను మించిన అనువైన ప్రాంతం అరుదు. కొండలు, ఘాట్లు లేవు. దారి పొడవునా కాలువలు, కొబ్బరితోటలు, దగ్గర దగ్గరగా ఊళ్లు ఉన్నాయి. అయినా సన్నాహం లేకుండా బయలుదేరితే ప్రయాణం సగంలో ఆగిపోయే ప్రమాదం ఉంది. తొలిరోజు ఉత్సాహం ఎవరినైనా ముందుకు నడిపిస్తుంది. రెండో రోజు ఉదయం మళ్లీ సీటుపై కూర్చున్నప్పుడే మోకాళ్ల నొప్పి, తొడల ఒరిపిడి, అరచేతుల తిమ్మిరి బయటపడతాయి. వీటిలో చాలావరకు ఇంటివద్ద తీసుకునే జాగ్రత్తలతోనే తప్పించుకోవచ్చు.

దారి ఇలా..

రాజమహేంద్రవరం నుంచి అంతర్వేది వరకు సుమారు 100 నుంచి 110 కిలోమీటర్ల దారిని మూడు రోజులకు పంచుకోవడం తొలి యాత్రికులకు మేలు. మొదటి రోజు ధవళేశ్వరం చేరి కాటన్ బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక దాటి, ఆత్రేయపురం, లొల్ల లాకుల గుండా రావులపాలెం చేరవచ్చు. ఇది సుమారు 35 కి.మీ. సర్ ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1847 నుంచి 1852 వరకు ధవళేశ్వరం వద్ద నిర్మించిన ఆనకట్టే ఈ డెల్టా పచ్చదనానికి మూలం. ఆయన పేరిట ఉన్న మ్యూజియం కూడా అక్కడే ఉంది. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన పూతరేకులకు ఆత్రేయపురం పెట్టింది పేరు. జగన్మోహినీ కేశవస్వామి కొలువైన ర్యాలి ఈ దారికి చేరువలోనే ఉంది.

రెండో రోజు కొత్తపేట, అంబాజీపేట, పి.గన్నవరం మీదుగా రాజోలు వరకు 40 నుంచి 50 కి.మీ. సాగాలి. పి.గన్నవరం వద్ద వైనతేయ పాయ మీదుగా కాలువ నీటిని దాటించే అక్విడక్టు చూడదగినది. మూడో రోజు మలికిపురం, సఖినేటిపల్లి మీదుగా అంతర్వేదికి సుమారు 25 కి.మీ. మాత్రమే ఉంటుంది. చివరి రోజు దూరం తక్కువగా ఉంటే లక్ష్మీనరసింహస్వామి దర్శనం చేసుకుని, వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసేచోట తీరిగ్గా గడపవచ్చు.

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఈ ప్రయాణానికి తగిన కాలం. జులై నుంచి సెప్టెంబరు వరకు గోదావరికి వరదలు వచ్చే అవకాశం ఉంటుంది. మార్చి దాటితే ఎండ సహించరానిదిగా మారుతుంది. అంతర్వేది కల్యాణోత్సవాలు జరిగే మాఘమాసపు భీష్మ ఏకాదశి రోజుల్లోను, జగ్గన్నతోట ప్రభల తీర్థం జరిగే కనుమ నాడు ఆ పరిసరాల్లోను రోడ్లు కిక్కిరిసి ఉంటాయి. తొలి యాత్రకు ఆ తేదీలు తప్పించడం మంచిది.

సైకిల్ సంగతి

ఖరీదైన గేర్ల సైకిల్ ఉండి తీరాలన్న నియమం లేదు. సమతలంలో రోజుకు 40 కి.మీ. వెళ్లడానికి మంచి కండిషన్‌లో ఉన్న మామూలు సైకిల్ చాలు. ముఖ్యమైనది సీటు ఎత్తు. రెండు పాదాలూ నేలకు ఆనేలా సీటును కిందికి దించుకోవడం మన ప్రాంతంలో సర్వసాధారణం. దీనివల్ల మోకాలు ప్రతి తొక్కులోనూ అతిగా ముడుచుకుంటుంది. పది నిమిషాల ప్రయాణంలో తెలియకపోయినా మూడు గంటల తర్వాత నొప్పిగా మారుతుంది. సీటుపై కూర్చుని మడమను పెడల్‌పై ఆనించినప్పుడు, పెడల్ అడుగుకు వెళ్లేసరికి కాలు నిటారుగా చాచుకోవాలి. అప్పుడు పాదం ముందుభాగంతో తొక్కితే మోకాలు స్వల్పంగా మాత్రమే వంగి ఉంటుంది. కొలత ఇదే.

బయలుదేరడానికి పది రోజుల ముందే సైకిల్‌ను దుకాణంలో పూర్తిగా ఓవర్‌హాలింగ్ చేయించాలి. ముందురోజు చేయిస్తే లోపాలు దారిలోనే బయటపడతాయి. బ్రేకు రబ్బర్లు అరిగితే మార్పించాలి. చక్రం వంకర తీయించాలి. చైనును శుభ్రంచేసి నూనె వేయాలి. టైరులో ఎంత గాలి ఉండాలో దాని పక్కభాగంపైనే ముద్రించి ఉంటుంది. సామాను మోసే వెనుక చక్రానికి ముందు చక్రం కంటే కొంత ఎక్కువ గాలి అవసరం. సన్నటి టైర్ల సైకిళ్లకు, ప్రెస్టా వాల్వు ఉన్న ట్యూబులకు పల్లెల్లోని పంక్చరు దుకాణాల్లో సరకు దొరక్కపోవచ్చు. అలాంటివారు రెండు ట్యూబులు, చేతిపంపు, టైరు లీవర్లు, ప్యాచీలు, పానాలు వెంట తీసుకెళ్లాలి. ట్యూబు మార్చడం ఇంటివద్ద ఒకటికి రెండుసార్లు చేసి చూసుకోవాలి.

నెల రోజుల సాధన

మొదటి వారం మూడు రోజులు, రోజుకు 10 కి.మీ. చొప్పున తొక్కాలి. రెండో వారం దాన్ని 15 కి.మీ.కు పెంచాలి. మూడో వారం ఒక రోజు ఆగకుండా 25 కి.మీ. వెళ్లిరావాలి. నాలుగో వారం మొదట్లో వరుసగా రెండు రోజులు, యాత్రకు తీసుకెళ్లే సామానంతా కట్టుకుని 30 కి.మీ. చొప్పున తొక్కాలి. ఈ రెండు రోజుల సాధనను ఎట్టి పరిస్థితుల్లోనూ విడిచిపెట్టరాదు. సీటు సరిపోయిందా, సంచి చక్రానికి తగులుతోందా, మోకాలు సహకరిస్తోందా అన్నది రెండో రోజు తేలిపోతుంది. లోపం ఉంటే సరిదిద్దుకోవడానికి ఇంకా వ్యవధి ఉంటుంది. చివరి రెండు రోజులు విశ్రాంతి తీసుకోవాలి.

సాధనలోనూ, యాత్రలోనూ గంటకు 12 నుంచి 15 కి.మీ. వేగం చాలు. పక్కనున్నవారితో ఆయాసం లేకుండా మాట్లాడగలిగినంత నెమ్మదిగా తొక్కాలి. గేర్లు ఉంటే తేలికపాటి గేరులో కాళ్లను వేగంగా తిప్పడం, బరువు గేరును బలంగా తొక్కడం కంటే మోకాళ్లకు మేలు. గుండెజబ్బు, రక్తపోటు, మధుమేహం ఉన్నవారు సాధన ప్రారంభించడానికి ముందే వైద్యుడిని సంప్రదించాలి. మధుమేహానికి ఇన్సులిన్, మాత్రలు వాడేవారికి శ్రమవల్ల రక్తంలో చక్కెర పడిపోయే అవకాశం ఉన్నందున ఇది మరింత అవసరం.

సామాను తక్కువ.. సుఖం ఎక్కువ

మొత్తం సామాను 7, 8 కిలోలు దాటకుండా చూసుకోవాలి. వీపున సంచి తగిలించుకుంటే చెమట, నడుమునొప్పి తప్పవు. బరువును క్యారియర్‌కు రెండువైపులా సమానంగా, వీలైనంత కిందికి ఉండేలా కట్టాలి. తొక్కడానికి రెండు జతలు, సాయంత్రానికి ఒక జత దుస్తులు సరిపోతాయి. లోదుస్తుల కుట్లు ఒరిపిడికి కారణమవుతాయి కనుక మెత్తపెట్టిన సైక్లింగ్ నిక్కరు వాడటం మంచిది. హెల్మెట్, ముందు తెల్ల లైటు, వెనుక ఎర్ర లైటు, గుర్తింపు కార్డు, చిల్లర నోట్లు, ప్రథమచికిత్స సామగ్రి మరువరాదు. వాడుకలో ఉన్న మందులు అదనంగా రెండు రోజులకు ఉంచుకోవాలి.

దాహం వేయకముందే నీరు

గంటకు కనీసం అర లీటరు నీరు గుక్కగుక్కగా తాగాలి. ఎండ పెరిగితే ఈ మోతాదు పెరగాలి. చెమటతో ఉప్పు కూడా పోతుంది కనుక మజ్జిగ, కొబ్బరినీళ్లు, ఓఆర్‌ఎస్ ఉపకరిస్తాయి. ఓఆర్‌ఎస్ పొట్లంపై సూచించిన కొలత ప్రకారమే నీరు కలపాలి. ఉదయం ఇడ్లీ వంటి తేలికైన ఆహారం తిని, దారిలో గంటకోసారి అరటిపండో, వేరుశనగ చిక్కీయో తీసుకోవాలి. రావులపాలెం అరటిపండ్ల మార్కెట్‌కు ప్రసిద్ధి కావడం ఈ దారిలో కలిసివచ్చే అంశం.

తల తిరగడం, వాంతి వచ్చినట్లు ఉండటం, కండరాలు పట్టేయడం కనిపిస్తే వెంటనే ఆగి నీడకు చేరాలి. మాట తడబడినా, మతి తప్పినట్లు ప్రవర్తించినా అది వడదెబ్బ కావచ్చు. శరీరాన్ని తడిపి, గాలి విసురుతూ 108కు ఫోన్ చేయాలి. అటువంటి స్థితిలో గమ్యం గురించి ఆలోచించరాదు.

రోడ్డుపై జాగ్రత్తలు

తెల్లవారాక బయలుదేరి, మధ్యాహ్నం 12 గంటలకల్లా బసకు చేరేలా ప్రణాళిక ఉండాలి. దీనివల్ల ఎండ తప్పుతుంది. మధ్యాహ్నం వేళ సముద్రం వైపు నుంచి వీచే ఎదురుగాలి బాధా తగ్గుతుంది. డిసెంబరు, జనవరి నెలల్లో పొగమంచు దట్టంగా ఉంటే అది తొలగేదాకా ఆగడమే శ్రేయస్కరం. కాలువగట్ల రోడ్లు ఇరుకు. చాలాచోట్ల గట్టు అంచున రక్షణ గోడ ఉండదు. చీకటిపడ్డాక వాటిపై ప్రయాణించరాదు. కోతల కాలంలో రోడ్డుపై ఆరబోసిన ధాన్యంపై చక్రం జారుతుంది. అక్కడ బ్రేకు వేయకుండా వేగం తగ్గించి వెళ్లాలి లేదా దిగి నడిపించాలి. రావులపాలెం వద్ద 16వ నంబరు జాతీయ రహదారిని దాటేటప్పుడు సైకిల్ దిగి నడవాలి. కుక్కలు వెంటపడితే దిగి, వాటికీ తమకూ మధ్య సైకిల్ ఉండేలా నిలబడితే సాధారణంగా అవి వెనక్కి తగ్గుతాయి.

తిరుగు ప్రయాణమూ ముందే

సఖినేటిపల్లి నుంచి పంటుపై గోదావరి దాటితే నరసాపురం, అక్కడ రైల్వేస్టేషను ఉన్నాయి. ఏటిపోటు, వరద పరిస్థితులను బట్టి పంటును నిలిపివేస్తుంటారు కనుక ముందుగా విచారించాలి. రైలులో సైకిల్‌ను పార్శిల్ కార్యాలయం ద్వారా బుక్ చేయాలి. అన్ని స్టేషన్లలో, అన్ని రైళ్లలో ఈ సౌకర్యం ఉండదు. బస కోసం రావులపాలెం, రాజోలు లాడ్జీలకు, అంతర్వేదిలో దేవస్థానం సత్రానికి ముందుగా ఫోన్ చేసి, సైకిల్ లోపల పెట్టుకునే వీలుందో లేదో కూడా అడగాలి. ఏ రోజు ఎక్కడ ఉంటారో ఇంట్లో రాసి ఇచ్చి, ప్రతి సాయంత్రం చేరిన వెంటనే కబురు చేయాలి.

రెండో రోజు ఉదయం శరీరం సహకరించకపోతే అక్కడే ఒక పూట ఆగడంలోగాని, బస్సెక్కి ఇంటికి రావడంలోగాని నామోషీ లేదు. అందుకోసం ప్రణాళికలో ఒక రోజు ఖాళీగా ఉంచుకోవాలి. ఆ రోజు అవసరం పడకపోతే అంతర్వేది తీరంలో మరో ఉదయం గడిపి రావచ్చు.