టీఎస్‌హెచ్ పెరిగితే థైరాయిడ్ తగ్గినట్టా?

రక్తపరీక్ష కాగితంలో టీఎస్‌హెచ్ 12 అని ఉంటుంది. ఉండాల్సింది సుమారు 0.4 నుంచి 4 వరకు అని పక్కనే అచ్చువేసి ఉంటుంది. డాక్టరుగారేమో, "మీకు థైరాయిడ్ తక్కువగా ఉందమ్మా, రోజూ మాత్ర వేసుకోవాలి" అంటారు. అక్కడ తలూపి వచ్చేస్తాం. ఇంటికొచ్చాక సందేహం మొదలవుతుంది. అంకె మూడింతలు ఎక్కువొస్తే తక్కువంటారేమిటి? ఎక్కువైందాన్ని తగ్గించాలి గానీ, పైగా హార్మోనే మింగమంటారేమిటి?

ఈ ప్రశ్న అడగడానికి చాలామంది మొహమాటపడతారు. పడకూడదు. దీనికి జవాబు తెలిస్తే ఒంట్లో చాలా గ్రంథులు ఏ పద్ధతిలో నడుస్తాయో తెలిసిపోతుంది.

అసలు టీఎస్‌హెచ్ థైరాయిడ్ తయారుచేసేది కాదు. అది పీయూష గ్రంథిది. డాక్టర్లు పిట్యూటరీ అంటారు. మెదడు అడుగున, పుర్రె ఎముకలోని చిన్న గుంటలో బఠాణీ గింజంత ఉంటుంది. బరువు అర గ్రాము. థైరాయిడ్ మెడ ముందువైపు, కంఠమణికి కాస్త కిందుగా శ్వాసనాళాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది. ఇది తయారుచేసే ముఖ్యమైన హార్మోన్లు టీ4, టీ3. ఒకదానిలో నాలుగు అయోడిన్ పరమాణువులుంటాయి, రెండోదానిలో మూడు. పేర్లలోని అంకెలు అవే. గ్రంథి ఎక్కువగా వదిలేది టీ4ని. కాలేయం, మూత్రపిండాల లాంటి చోట్ల అందులోంచి ఒక అయోడిన్ ఊడి టీ3గా మారుతుంది. కణాల్లోకి వెళ్ళి పని నడిపేది ప్రధానంగా ఈ టీ3యే. గుండె వేగం, ఒంటి వెచ్చదనం, పేగుల కదలిక, పసిబిడ్డ మెదడు ఎదుగుదల అన్నీ దీని మీద ఆధారపడినవే.

మరి పీయూష గ్రంథికి ఇక్కడ ఏం పని? పెరట్లో ఆడుకుంటున్న పిల్లాణ్ణి తల్లి వంటింట్లోంచి పిలవడం గుర్తుతెచ్చుకోండి. వాడు "ఆఁ" అని పలికితే ఊరుకుంటుంది. పలక్కపోతే గొంతు పెంచుతుంది. అప్పటికీ పలక్కపోతే వీధి చివరిదాకా వినబడేలా కేకేస్తుంది. టీఎస్‌హెచ్ ఆ పిలుపు. టీ4, టీ3 దానికి వచ్చే పలుకు. రక్తంలో థైరాయిడ్ హార్మోను చాలినంత ఉంటే అది పీయూష గ్రంథి కణాల్లోకి వెళ్ళి టీఎస్‌హెచ్ తయారీని అణుస్తుంది. చాలకపోతే అణిచేది లేక టీఎస్‌హెచ్ పెరుగుతుంది. కాగితం మీది 12 అనేది గట్టిగా పిలుస్తున్న గొంతు. అంత గట్టిగా పిలుస్తోందంటే పలికేది సరిగ్గా పలకడం లేదన్నమాట.

ఈ పిలుపు చాలా సున్నితమైనది. టీ4 సగానికి పడిపోతే టీఎస్‌హెచ్ వంద రెట్ల దాకా పెరగగలదు. అందుకే టీ4 ఇంకా హద్దుల్లోనే ఉండగా టీఎస్‌హెచ్ ముందే ఎగబాకడం చూస్తాం. డాక్టర్లు ముందు దాన్నే చూసేది ఈ కారణంతోనే.

గళగండం సంగతీ ఇదే. అయోడిన్ దొరకని గ్రంథి హార్మోను తయారుచేయలేదు. పీయూష గ్రంథి పిలుస్తూనే ఉంటుంది. టీఎస్‌హెచ్ థైరాయిడ్‌ని పని చేయమనడమే కాదు, పెరగమని కూడా చెబుతుంది. పాపం ఆ గ్రంథి ముడిసరుకు లేకుండానే ఒళ్ళు పెంచుకుంటూ పోతుంది. మెడ ముందు కాయలా వేలాడేది అలా పెరిగినదే. వానలకు, మంచుకు మట్టిలోని అయోడిన్ కొట్టుకుపోయిన హిమాలయ ప్రాంతాల్లో ఇది ఊళ్ళకు ఊళ్ళనే పట్టి పీడించేది. శ్రీకాకుళంలో పుట్టి, విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి, ఆయన సహచరులు 1956లో కాంగ్రా లోయలో ఒక ప్రయోగం మొదలుపెట్టారు. కొన్ని ప్రాంతాలకు అయోడిన్ కలిపిన ఉప్పు, పోల్చి చూడటానికి మరో ప్రాంతానికి మామూలు ఉప్పు అందేలా చేసి, ఏళ్ళ తరబడి గమనించారు. అయోడిన్ ఉప్పు తిన్నచోట గళగండం బాగా తగ్గింది. 1962లో జాతీయ గళగండ నియంత్రణ కార్యక్రమం మొదలైంది. పెద్దవాళ్ళకు రోజుకు కావలసిన అయోడిన్ 150 మైక్రోగ్రాములు, అంటే గ్రాములో ఆరువేలవ వంతు కూడా కాదు. ఇవాళ మన పోపులపెట్టె పక్కనున్న ఉప్పు ప్యాకెట్ వెనక మనవాడి కృషి ఉందని ఎంతమందికి తెలుసు?

అయోడిన్ చాలినంత తింటున్నా థైరాయిడ్ మందగించడానికి ఎక్కువగా కారణం మన రక్షణ వ్యవస్థే. పొరబడి సొంత గ్రంథినే దెబ్బతీస్తుంది. ఆ లోటును మాత్ర పూడుస్తుంది. మాత్రలో ఉండేది టీ4యే. అది గ్రంథిలోంచి వచ్చిందా, సీసాలోంచి వచ్చిందా అన్నది పీయూష గ్రంథికి పట్టదు. పలుకు వినబడింది, పిలుపు తగ్గించింది, అంతే. తర్వాతి పరీక్షలో టీఎస్‌హెచ్ 2 అని వస్తుంది. సరిగ్గా ఇక్కడే మనవాళ్ళు మోసపోతారు. "నార్మల్ వచ్చింది, తగ్గిపోయింది" అని మాత్ర ఆపేస్తారు. తగ్గింది పిలుపు మాత్రమే. గ్రంథి చాలామందిలో ఎలా ఉన్నది అలాగే ఉంటుంది. గర్భిణి ఇలా ఆపేయడం మరీ ప్రమాదం. తొలి నెలల్లో కడుపులోని బిడ్డకు అందేది తల్లి హార్మోనే. అప్పుడు మోతాదు పెంచాల్సిన అవసరమే ఎక్కువగా వస్తుంది.

ఈ మాత్రను పరగడుపునే వేసుకోమనేది ఎందుకంటే, తిండి, కాఫీ దాన్ని సరిగ్గా ఒంటబట్టనివ్వవు. అరగంట, గంట ఆగితే మంచిది. ఐరన్, కాల్షియం మాత్రలకైతే నాలుగు గంటల ఎడం కావాలి. మోతాదు మార్చాక ఆరు వారాలాగి పరీక్ష చేయించమనడానికీ కారణముంది. టీ4 రక్తంలో సగానికి తగ్గడానికే వారం పడుతుంది. కొత్త మోతాదు కుదురుకునేదాకా ఆగకపోతే వచ్చే అంకెకు అర్థం ఉండదు.

ఇదే లెక్క ఇంకోచోట తిరగబడుతుంది, అది తెలుసుకోవడం చాలా అవసరం. మోకాళ్ళ నొప్పులకనో, ఆయాసానికనో నెలల తరబడి స్టెరాయిడ్ మాత్రలు మింగేవాళ్ళున్నారు. మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులు తయారుచేసే కార్టిసోల్‌కు దగ్గరి చుట్టం ఆ మందు. బయటినుంచి పలుకు దండిగా వస్తుంటే పీయూష గ్రంథి అడ్రినల్‌ను పిలవడం మానేస్తుంది. పిలుపు లేక అడ్రినల్ కుంచించుకుపోతుంది. అప్పుడు మందు ఒక్కసారిగా ఆపితే పలికేవాళ్ళే ఉండరు. బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరు చెప్పినట్టు మెల్లమెల్లగా తగ్గించుకుంటూ రావాలి.

పిలిచే గొంతే పోయిన సందర్భాలూ ఉంటాయి. కాన్పులో విపరీతంగా రక్తం పోతే కొందరు తల్లులకు పీయూష గ్రంథి దెబ్బతింటుంది. పాలు పడవు, నెలసరి తిరిగి రాదు, నీరసం వదలదు. అప్పుడు టీఎస్‌హెచ్ చూడ్డానికి మామూలుగానే ఉండి, టీ4 పడిపోయి ఉండొచ్చు. ఇలాంటి అనుమానం ఉన్నప్పుడు రెండూ చూడాలి.

చివరిగా, అప్పుడే పుట్టిన బిడ్డ గురించి. కొందరు పిల్లలు థైరాయిడ్ లేకుండానో, పనిచేయని థైరాయిడ్‌తోనో పుడతారు. పైకి ఏమీ తెలియదు. చక్కగా ఏడుస్తారు, పాలు తాగుతారు. తెలిసేసరికి మెదడు ఎదుగుదల వెనకబడిపోతుంది. కానీ బిడ్డ పీయూష గ్రంథి అప్పటికే పిలుస్తూ ఉంటుంది. పుట్టిన రెండు మూడు రోజులకు మడమలోంచి తీసిన ఒక్క రక్తపు చుక్కలో ఆ పిలుపు దొరుకుతుంది. మొదటి రెండు వారాల్లో మందు మొదలుపెడితే చాలామంది పిల్లలు అందరిలాగే ఎదుగుతారు. మీ ఇంట్లో కాన్పు ఉంటే, బిడ్డను ఇంటికి తెచ్చుకునేలోపు ఆ పరీక్ష చేశారా అని ఒక్కసారి అడగండి.