ఒక్క సెమిస్టర్ అమెరికాలో.. ముందు సంతకం, తర్వాతే విమానం!

తణుకు : అమెరికా చదువంటే పల్లెల్లో అందరికీ తెలిసింది ఒక్కటే. బీటెక్ అయ్యాక రెండేళ్ల ఎమ్మెస్. దానికి బ్యాంకు అప్పు, చాలకపోతే పొలం తాకట్టు. ఇక్కడి కాలేజీ వదలకుండానే మధ్యలో ఒక్క సెమిస్టర్ అక్కడ చదివి వచ్చే పద్ధతి కూడా ఉంది. ఆ సంగతి కాలేజీ నోటీసు బోర్డు దాటి రైతుల ఇళ్లదాకా రావడం లేదు. వచ్చినచోట కూడా సగమే వస్తోంది.

రెండు విద్యాసంస్థల మధ్య విద్యార్థుల మార్పిడి ఒప్పందం ఉంటే, సాధారణంగా ఫీజు ఇక్కడే కడతారు. అక్కడ విడిగా కట్టక్కర్లేదు. విమానం ఛార్జీ, గది అద్దె, తిండి, ఆరోగ్య బీమా మాత్రం సొంతం. ఇలా వెళ్లేవారికిచ్చే జె-1 వీసాకు బీమా తప్పనిసరి. ఒప్పందం లేకుండా వెళ్తే అక్కడి ఫీజు డాలర్లలో చెల్లించాల్సిందే. 'మా కాలేజీకి అమెరికాతో సంబంధాలున్నాయి' అని ఎవరైనా అంటే, 'ఫీజు ఎక్కడ కట్టాలండీ?' అని తండ్రి అడిగి తీరాలి.

అసలు చిక్కు క్రెడిట్ల దగ్గర. వారానికి ఎన్ని గంటల పాఠమో దాన్నిబట్టి సబ్జెక్టుకు ఇచ్చే లెక్క ఇది. ఇక్కడ బీటెక్ నాలుగేళ్లకు సుమారు 160 క్రెడిట్లు, అంటే సెమిస్టర్‌కు 20. అక్కడికి వెళ్లినవారు మామూలుగా తీసుకునేది 12 నుంచి 15. ఆ తేడా ఎలా పూడుతుంది? అక్కడి ఏ సబ్జెక్టు ఇక్కడి దేనికి సమానమో వెళ్లకముందే కాలేజీ రాసి, సంతకం పెట్టి, ముద్ర వేసివ్వాలి. నోటిమాట నమ్మి విమానం ఎక్కితే, తిరిగొచ్చాక మిగిలిన సబ్జెక్టులు జూనియర్లతో కూర్చుని రాయాలి. ఏడాది పోయినా పోవచ్చు. ఇక్కడి హాజరు సంగతి కూడా ఆ కాగితంలోనే తేలాలి. చిలుకూరు బాలాజీకి పదకొండు ప్రదక్షిణలు చేస్తే వీసా వస్తుందని చాలామంది నమ్మకం. ఈ కాగితం మాత్రం ప్రిన్సిపాల్ గదిలోనే దొరుకుతుంది.

ఏడో సెమిస్టర్‌లో కంపెనీలు ఉద్యోగాలిచ్చేందుకు కాలేజీలకు వస్తాయి. అప్పుడు ఊళ్లో లేకపోతే నష్టం. ఐదు, ఆరు సెమిస్టర్లే మేలు. అక్కడ చదువు ఆగస్టు నుంచి డిసెంబరు వరకు ఒక విడత, జనవరి నుంచి మే వరకు మరో విడత. ఆగస్టు అంటే నాట్ల కాలం, రైతు చేతిలో పైసా ఆడదు. సార్వా ధాన్యం అమ్ముకున్నాక జనవరిలో పంపడమే తేలిక. వీసా ఇంటర్వ్యూకు ఇదివరకు చెన్నై పరుగెత్తేవారు. 2008లో హైదరాబాద్‌లో అమెరికా కాన్సులేట్ తెరిచాక ఆ తిప్పలు తప్పాయి.

అక్కడి తరగతి తీరు వేరు. మొదటిరోజే ప్రొఫెసర్ ఓ కాగితం ఇస్తారు. ఏ వారం ఏ పాఠం, ఏ రోజు పరీక్ష, దేనికెన్ని మార్కులు.. అంతా అందులో ఉంటుంది. పరీక్షల ముందు పది రాత్రులు మేలుకుని గట్టెక్కే మన పిల్లల అలవాటు అక్కడ సాగదు. వారం వారం రాసిచ్చేవాటికే చాలా మార్కులు. పుస్తకంలోని పేరా దించి, ఎక్కడిదో చెప్పకపోతే దొంగతనం కిందే లెక్క. ఆ సబ్జెక్టు తప్పించవచ్చు, కాలేజీ నుంచే పంపేయవచ్చు. తెలుగు మీడియంలో చదివినవారికి మొదట్లో ఆ ఉచ్చారణే అంతుపట్టదు. విద్యార్థుల సందేహాల కోసం ప్రొఫెసర్లు వారానికి కొన్ని గంటలు తమ గదిలో కూర్చుంటారు. వెళ్లి అడిగితే మళ్లీ చెబుతారు. మొహమాటపడి బయటే నిలబడేవారి గతే కష్టం.

చేతిఖర్చుకు పని చేసుకోవచ్చు. అదీ అనుమతితో, విశ్వవిద్యాలయం ఆవరణలోనే, చదువు నడిచేటప్పుడు వారానికి 20 గంటలకు మించకుండా. బయట హోటల్లోనో, పెట్రోల్ బంకులోనో చేరితే వీసాకే ముప్పు. 'క్లాసులకు పోకపోయినా ఫర్వాలేదు' అనే దళారులున్నారు. 2019లో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ పేరిట బయటపడింది అధికారులే వలగా పెట్టిన ఉత్తుత్తి విశ్వవిద్యాలయం. అందులో చేరి తొలి విడత అరెస్టయిన 130 మందిలో దాదాపు అందరూ భారతీయులే. తెలుగు పిల్లలూ చాలామంది ఉన్నారు.

చదువు ముగిశాక మార్కుల పత్రాన్ని అక్కడి విశ్వవిద్యాలయమే నేరుగా ఇక్కడికి పంపేలా, బయల్దేరేముందే దరఖాస్తు ఇచ్చి రావాలి. విద్యార్థి చేత్తో తెచ్చిన నకలును చాలాచోట్ల ఒప్పుకోరు. అసలు పత్రం వచ్చేదాకా ఇక్కడి జాబితాలో ఆ సెమిస్టర్ గడి ఖాళీగానే ఉంటుంది.