ఎయిర్ రైఫిల్ ఆటవస్తువేనా? బస్తర్ తల్లిదండ్రుల ముందున్న ప్రశ్న

జగదల్‌పూర్: లైసెన్సు లేకుండానే ఇంటికి తెచ్చుకోగలిగిన ఎయిర్ రైఫిల్ కొనిపెట్టమని పదిహేనేళ్ల కుమారుడు అడిగితే తల్లిదండ్రులు ఏమి చేయాలి? దేశంలో మరో ప్రాంతంలోనైతే ఇది ఒక కుటుంబం తనంతట తాను తేల్చుకోదగిన విషయం. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లో అలా కాదు. ఇక్కడ తుపాకీ ఆకారంలో ఉన్న వస్తువును భుజాన వేసుకొని అడవిలోకి వెళ్లే బాలుణ్ణి దూరం నుంచి చూసేవారు ఎవరు, ఏమనుకుంటారు అన్నది కూడా లెక్కలోకి వస్తుంది.

ఆయుధం ఈ నేలకు కొత్త కాదు. విల్లు, బాణం, గొడ్డలి గోండు, మురియా, కోయ, దోర్ల గ్రామాల నిత్యజీవితంలో భాగం. ఎండబెట్టిన మట్టి ఉండలను విసిరే విల్లుతో పిట్టలను కొట్టడం మధ్య భారత గిరిజన బాలురకు తరతరాలుగా తెలిసిన విద్య. హిందీలో గులేల్ అనే ఈ సాధనానికి తెలుగులో ఉన్న పేరు ఉండేలు. ఉండ, విల్లు అనే రెండు మాటలు కలిసి అరిగి ఏర్పడిన పదమిది. రబ్బరు పట్టీల పంగలకర్ర వచ్చాక కూడా పాత పేరే దానికి చెల్లింది. సరిహద్దుకు ఇటువైపు కోయలు జరుపుకొనే భూమి పండుగలోను, అరకు, పాడేరు ప్రాంతాల ఇటుకల పండుగలోను పురుషులు వేటకు వెళ్లడం ఆచారం. బస్తర్‌లో సామూహిక వేటను పారద్ అంటారు.

అందువల్ల విల్లు పట్టే పిల్లవాడికి ఎయిర్ రైఫిల్ ఇస్తే తప్పేమిటన్న వాదన సహజంగానే వస్తుంది. ఈ వాదనలో ఒక లోపం ఉంది. విల్లుతో పాటు దాని కట్టుబాట్లు కూడా సంక్రమిస్తాయి: ఎప్పుడు వేటాడాలి, ఎవరి వెంట వెళ్లాలి, దేనిని చంపకూడదు అన్నవి పెద్దలు నేర్పుతారు. పైగా బాణం వేయడానికి కండబలం, సంవత్సరాల సాధన కావాలి. ఎయిర్ రైఫిల్‌కు అవి అక్కరలేదు. కొన్న రోజు సాయంత్రానికే గురి కుదురుతుంది, కానీ దానితో పాటు ఏ కట్టుబాటూ రాదు.

చట్టంలో ఉన్నది

1959 నాటి ఆయుధాల చట్టం తుపాకీని విశాలంగా నిర్వచించింది. పేలుడు పదార్థంతో గాని, ఇతర శక్తి రూపాలతో గాని గుండును వెలువరించేదంతా ఆ నిర్వచనంలోకి వస్తుంది. గాలి ఒత్తిడి కూడా అటువంటి శక్తే. అయితే 0.177 అంగుళాల (4.5 మిల్లీమీటర్ల) గొట్టం, 20 జౌల్స్‌కు లోబడిన శక్తి గల ఎయిర్‌గన్లకు యజమాని లైసెన్సు తీసుకోనవసరం లేకుండా 2016 నాటి ఆయుధాల నిబంధనలు వెసులుబాటు కల్పించాయి. ఆ పరిమితి దాటితే లైసెన్సు తప్పనిసరి.

లైసెన్సు అక్కరలేదన్న ఒక్క మాటను పట్టుకొని ఇది ఆటవస్తువేనని భావించడం పొరపాటు. అదే చట్టంలోని తొమ్మిదో సెక్షన్ 21 ఏళ్లు నిండనివారు తుపాకులు సంపాదించడాన్ని, కలిగి ఉండడాన్ని నిషేధిస్తూ, శిక్షణలో భాగంగా వాడేందుకు మాత్రం నిబంధనలకు లోబడి చిన్న వయస్కులకు అవకాశమిచ్చింది. చట్టసభ ఉద్దేశం ఇక్కడ స్పష్టంగానే కనిపిస్తుంది. వాడడం వేరు, సొంతం చేసుకోవడం వేరు. ఎన్‌సీసీ జూనియర్ డివిజన్‌లో 13 ఏళ్ల విద్యార్థి కూడా 0.22 రైఫిల్ పేల్చడం నేర్చుకుంటాడు. శిక్షకుడు పక్కనే ఉంటాడు, పని ముగియగానే రైఫిల్ ఆయుధాగారానికి తిరిగి వెళుతుంది. దానిని ఇంటికి తీసుకువెళ్లే ప్రసక్తే లేదు.

పెల్లెట్ చేసే పని

10 మీటర్ల పోటీలలో వాడే ఎయిర్ రైఫిల్ నుంచి అర గ్రాము బరువుండే సీసపు పెల్లెట్ సెకనుకు సుమారు 170 మీటర్ల వేగంతో వెలువడుతుంది. దాని శక్తి ఏడెనిమిది జౌల్స్, అంటే చట్టం లైసెన్సు లేకుండా అనుమతించే గరిష్ఠ పరిమితిలో సగం కంటే తక్కువ. అంత తక్కువ శక్తి గల పెల్లెట్ సైతం దగ్గరి నుంచి తగిలితే చర్మాన్ని చీల్చగలదు. మనిషి చర్మాన్ని చీల్చడానికి ఈ తరహా పెల్లెట్‌కు సెకనుకు 100 మీటర్ల వేగం దాదాపు సరిపోతుందని న్యాయవైద్య గ్రంథాలు చెబుతున్నాయి. కంటికి అంత వేగం కూడా అక్కరలేదు. పసిపిల్లల కపాలపు ఎముక పలుచన. అమెరికా శిశువైద్యుల అకాడమీ వీటిని ఆటబొమ్మలుగా కాక ఆయుధాలుగా పరిగణించాలని చెప్పడానికి కారణం ఇదే. 2005లో గ్లాస్గోలో రెండేళ్ల బాలుడు ఎయిర్‌గన్ పెల్లెట్ తగిలి మరణించాడు. బ్రిటన్‌లో 2007 నుంచి 18 ఏళ్లు నిండనివారికి వీటిని అమ్మడం లేదు. స్కాట్లాండ్ మరో అడుగు ముందుకు వేసి 2016 డిసెంబరు 31 నుంచి లైసెన్సును తప్పనిసరి చేసింది.

బస్తర్ లోతట్టు గ్రామాల నుంచి కంటి శస్త్రచికిత్స జరిగే ఆసుపత్రికి చేరడానికి పట్టే సమయాన్ని కూడా ఈ లెక్కకు కలుపుకోవాలి.

పంట, పిట్ట, అడవి

చేను కాపలాకు పనికొస్తుందన్నది మరో సమర్థన. మంచె మీద కూర్చొని వడిసెలతో రాళ్లు విసిరేవారు, డబ్బాలు మోగించేవారు చేసేది గుంపును బెదరగొట్టడం. ఎయిర్ రైఫిల్ శబ్దం ఆ గుంపును బెదరగొట్టేంత పెద్దది కాదు. పెల్లెట్ ఒక చిలుకను చంపుతుంది లేదా గాయపరుస్తుంది, కాసేపటికి మిగిలినవి తిరిగి వాలుతాయి. అడవిపందికి అదే పెల్లెట్ తగిలితే చావదు, రెచ్చిపోతుంది.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం రక్షిత జాతులను చంపడమే కాదు, గాయపరచడం, చంపేందుకు ప్రయత్నించడం కూడా వేట కిందికే వస్తుంది. ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర పక్షి అయిన కొండ గోరువంక మొదటి షెడ్యూలులో ఉంది. ఆ షెడ్యూలులోని జీవిని వేటాడితే మూడు నుంచి ఏడేళ్ల జైలు, 2022 సవరణ తరువాత కనీసం రూ.25,000 జరిమానా. కాంగేర్ లోయ, ఇంద్రావతి జాతీయ ఉద్యానాలలోకి ముఖ్య వన్యప్రాణి సంరక్షకుని లిఖితపూర్వక అనుమతి లేకుండా ఆయుధంతో ప్రవేశించడమే నేరం. ఉద్యానం హద్దులు అడవిలో గీతలై కనిపించవు. పిట్ట వెంట పరుగెత్తే బాలుడికి అసలు కనిపించవు.

ఇదే కాంగేర్ లోయలో స్థానిక యువకులు మైనా మిత్రలుగా గోరువంకల గూళ్లకు కాపలా కాస్తున్నారు. అరుణాచల్ ప్రదేశ్‌లో 2021 మార్చిలో ఎయిర్‌గన్ల అప్పగింత ఉద్యమం మొదలైంది. అక్కడా వేట సంప్రదాయమే, అక్కడా ఇంటింటా ఎయిర్‌గన్. ఆ ఏడాది డిసెంబరు నాటి మన్ కీ బాత్‌లో ప్రధానమంత్రి ఆ ఉద్యమాన్ని ప్రస్తావించే సమయానికి 1,600కు పైగా తుపాకులను ప్రజలు స్వచ్ఛందంగా ఇచ్చివేశారు. నిషేధం విధించి గుంజుకోలేదు. అదే ఆ ప్రయత్నంలో గమనించదగిన అంశం.

దూరం నుంచి చూసే కళ్లు

అన్నింటికంటే బరువైన కారణం ఇది. బస్తర్‌లో భద్రతా దళాల స్వాధీన ప్రకటనలలో తరచూ కనిపించే ఆయుధం భర్‌మార్, అంటే మందు కూరి పేల్చే నాటు తుపాకీ. వేటగాడి ఇంట్లోనూ అదే ఉండేది, మావోయిస్టు మిలీషియా చేతిలోనూ అదే ఉండేది. చెట్ల నీడలో వంద మీటర్ల దూరాన భర్‌మార్‌కు, ఎయిర్ రైఫిల్‌కు తేడా ఎవరూ పోల్చలేరు.

బీజాపూర్ జిల్లా ఎడెస్‌మెట్టలో 2013 మే 17 రాత్రి విత్తన పండుగకు గుమిగూడిన గ్రామస్థులపై జరిగిన కాల్పులలో మైనర్లు సహా ఎనిమిది మంది గ్రామస్థులు, ఒక జవాను మరణించారు. జస్టిస్ వి.కె. అగర్వాల్ కమిషన్ నివేదిక 2022లో శాసనసభ ముందుకు వచ్చింది. మృతులు మావోయిస్టులు కారని, పొరబడి, కంగారులో కాల్పులు జరిగి ఉండవచ్చని అది తేల్చింది. మంట చుట్టూ చేరిన జనమే అనుమానానికి కారణమైన చోట తుపాకీ పట్టిన బాలుడి పరిస్థితి ఊహించడం కష్టం కాదు. జార్ఖండ్‌లోని లాతేహార్ జిల్లా పిరి గ్రామంలో 2021 జూన్ 12న సర్‌హుల్ వేటకు నాటు తుపాకులతో బయలుదేరిన యువకులపై దళాలు కాల్పులు జరపగా 24 ఏళ్ల యువకుడు ప్రాణం కోల్పోయాడు.

గిరిజన యువకుల చేతికి తుపాకీ ఇవ్వడం ఈ గడ్డ మీద ఒకసారి ప్రభుత్వ విధానంగానే నడిచింది. సల్వాజుడుం కాలంలో ప్రత్యేక పోలీసు అధికారులుగా వారిని నియమించడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జులై 5న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ ధర్మాసనానికి నేతృత్వం వహించినవారు తెలుగువారైన జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి. మరోవైపు మావోయిస్టులు బాల సంఘాల పేరిట పిల్లలను చేరదీశారు. ఉభయపక్షాల మధ్య నలిగిన తల్లిదండ్రులలో చాలామందికి తుపాకీ అన్న మాటే అపశకునంగా వినిపిస్తే ఆశ్చర్యం లేదు.

గురి మీద ఆసక్తి ఉంటే

ఆసక్తిని అణచివేయనవసరం లేదు. హైదరాబాద్‌కు చెందిన ఈషా సింగ్ 13 ఏళ్ల వయసులో, 2018లో 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ జాతీయ చాంపియన్ అయింది. లండన్ ఒలింపిక్స్‌లో ఎయిర్ రైఫిల్ కాంస్యం గెలిచిన గగన్ నారంగ్ కూడా ఆ నగరం వాడే. అయితే వారి చేతి ఆయుధం రేంజి గోడల మధ్యే పేలింది. బస్తర్‌లో అటువంటి రేంజి దగ్గరలో దొరకడం అరుదు. దొరికేది విలువిద్య: 2024లో జరిగిన బస్తర్ ఒలింపిక్స్ క్రీడాంశాలలో అదీ ఒకటి. ఈ ప్రాంతపు బాలబాలికలకు అందులో ఉన్న జన్మసిద్ధమైన అనుకూలత రైఫిల్‌లో లేదు.

ఇప్పటికే ఎయిర్ రైఫిల్ కొన్న ఇంట్లో తక్షణం చేయదగినవి కొన్ని ఉన్నాయి. కొనుగోలు రసీదు పెద్దల పేరిట ఉండాలి. రైఫిల్ ఒకచోట, పెల్లెట్లు మరోచోట తాళం వేసి ఉంచాలి, తాళంచెవి పిల్లలకు అందకూడదు. గురి అభ్యాసం పెద్దవారి సమక్షంలో, వెనుక మట్టిగట్టు ఉన్న చోట, కళ్లద్దాలు పెట్టుకొని మాత్రమే జరగాలి. ఎక్కుపెట్టిన రైఫిల్‌ను మోస్తూ నడవనివ్వకూడదు. అడవిలోకి, సంతకు, భద్రతా శిబిరం ఉన్న దారి మీదికి దానిని తీసుకువెళ్లనే కూడదు. పెల్లెట్ ఎవరికైనా తగిలితే గాయం చిన్నదిగా కనిపించినా లోపల సీసం మిగిలి ఉండవచ్చు, ఎక్స్‌రే తీయించాలి. కంటికి తగిలితే రుద్దకుండా, నీళ్లు కొట్టకుండా, పెల్లెట్‌ను తీయబోకుండా ఒత్తిడి పడని గట్టి కప్పు కన్నుపై ఉంచి వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.