ఎరిత్రోమైసిన్ – పిల్లల జీర్ణాశయ చలనం

ఎరిత్రోమైసిన్ వాడినవారికి కడుపులో మెలిపెట్టినట్లు నొప్పి రావడం మీరు గమనించి ఉంటారు. దీనికి కారణమేమిటి? చిన్నప్రేగు పైభాగం స్రవించే మోటిలిన్ అనే హార్మోను, భోజనాల మధ్య విరామంలో జీర్ణాశయ కండరాలను బలంగా సంకోచింపజేస్తుంది. 22 అమైనో ఆమ్లాలు గల ఈ హార్మోను గ్రాహకాలను ఎరిత్రోమైసిన్ కూడా ప్రేరేపిస్తుంది. అందువల్ల జీర్ణాశయం నెమ్మదిగా ఖాళీ అయ్యే కొందరు పిల్లలకు వైద్యులు దీనిని, సూక్ష్మజీవులను చంపే మోతాదుకన్నా తక్కువగా ఇస్తారు.

అయితే వాడేకొద్దీ గ్రాహకాల స్పందన తగ్గుతుంది. గుండె లయ తప్పవచ్చు. పుట్టిన తొలి రెండు వారాలలో ఇస్తే, జీర్ణాశయం చివర ఉండే పైలోరస్ కండరం మందమై దారి ఇరుకయ్యే ప్రమాదం పెరుగుతుంది. అప్పుడు బిడ్డ తాగిన పాలను ఎగజిమ్మినట్లు కక్కుతుంది. శస్త్రచికిత్స అవసరమవుతుంది. కాబట్టి పసిబిడ్డకు పాలు అరగడం లేదని ఈ మందును మందుల షాపులో అడిగి కొనరాదని గుర్తుంచుకోండి.